అమరావతి: బోర్డు మీది పేర్లు, రాతి మీది పేర్లు

ఒక ఊళ్లో ఏ విగ్రహం ఉంది, ఏ స్తంభం ఉంది, ఏ బోర్డు ఎక్కడ పాతారు అనేవి చూస్తే ఆ ఊరి చరిత్ర తెలుస్తుందని బడిలో చెప్తారు. మేం దాన్ని కొంచెం తిప్పి చెప్తాం. వాటిని చూస్తే తెలిసేది ఆ ఊరి చరిత్ర కాదు, ఆ ఊరి చరిత్రను చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉందో అది. చరిత్ర వేరే చోట ఉంటుంది. ఒక్కోసారి ఆ బోర్డు పక్కనే, ఎవరూ చదవని రాతి మీద ఉంటుంది.

ఈ మాట రుజువు చెయ్యడానికి కృష్ణ ఒడ్డునున్న అమరావతికన్నా మంచి ఊరు తెలుగునాట లేదని మా అభిప్రాయం. చిన్న ఊరు. మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. ఏటి ఒడ్డున అమరేశ్వరాలయం, ఊరి అంచున మహాచైత్యం పునాదులు, పక్కనే మ్యూజియం, ఇంకో పక్క 125 అడుగుల ధ్యాన బుద్ధుడు. పుష్కరాలకు, శివరాత్రికి బస్సులు దిగుతాయి. గుడి చూసి, ఏట్లో మునిగి, టైముంటే స్తూపం దగ్గర ఫొటో దిగి వెళ్తారు. స్తూపం దగ్గర చూడ్డానికి పెద్దగా ఏముంది? నేలమట్టమైన ఒక ఇటుకల దిమ్మె, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాళ్లు. ఒకప్పుడు సుమారు యాభై మీటర్ల అడ్డకొలత ఉన్న అండం అక్కడ లేచి ఉండేదంటే నమ్మడం కష్టం.

మన పాఠ్యపుస్తకాలు దాన్ని ఏమంటాయి? శాతవాహనుల కాలపు స్తూపం అంటాయి. క్లుప్తంగా చెప్పాల్సి వస్తే శాతవాహనుల స్తూపం అనేస్తాయి. పోటీ పరీక్షల గైడ్లు ఇంకో అడుగు ముందుకేసి ‘కట్టించినవారు’ అనే గడిలో రాజవంశం పేరు రాస్తాయి. దేశంలో ఏ కట్టడం దగ్గరికి వెళ్లినా పురావస్తుశాఖ బోర్డు చెప్పే పద్ధతీ ఇదే. ఏ వంశం, ఏ కాలం, ఎన్ని అడుగులు. చదివినవాడికి రాజులు కట్టించారు, ప్రజలు చూశారు అనే అర్థం మిగుల్తుంది.

ఇప్పుడు రాళ్ల దగ్గరికి పోదాం. అమరావతి స్తూపం రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన దాన శాసనాలు చాలా దొరికాయి. వాటిల్లో రాజుల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ మామూలు జనం పేర్లు. గృహపతులు, వర్తకులు, పరిమళద్రవ్యాలమ్మే ఒకతను, భిక్షువులు, భిక్షుణులు, ద్రవిడ దేశపువాడైన కణ్హుడు. ఆడవాళ్ల పేర్లు విరివిగా కనిపిస్తాయి. భర్త పేరు చాటున ఉన్నవాళ్లే కాదు, సొంతంగా దానం చేసినవాళ్లూ, కూతుళ్లను వెంటబెట్టుకుని దానం చేసినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో రాయి ఇచ్చారు. ఒకరు స్తంభం, ఒకరు అడ్డుపలక, ఒకరు పైన కప్పే దూలం, ఒకరు ఫలకం. అలా రాయి రాయి కూడితే స్తూపమైంది. రాజు పేరొచ్చిన చోట కూడా సంగతేమిటో చూడండి. వాసిఠీపుత్ర పులుమావి పేరున్న శాసనం ఒకటుంది. పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రం పెట్టిన సంగతి అది చెప్తుంది. ఆ చక్రం పెట్టింది పులుమావి కాదు, ఒక గృహపతి కుటుంబం. రాజు పేరు అక్కడ ఎందుకుందంటే కాలం చెప్పడానికి. మనం ఉత్తరం మీద తారీఖు వేసినట్టు. ఆ తారీఖును తీసుకొచ్చి ఉత్తరం రాసినవాడి పేరుగా చేశారు మన చరిత్రకారులు.

రాజపోషణ అసలు లేదని మేం అనడం లేదు. ఊరూ, వర్తకమూ, రేవూ నడవాలంటే రాజ్యం ఉండాల్సిందే. కాని దానం చేసినవాడు తన పేరు తను చెక్కించుకున్న తర్వాత, దాన్ని పక్కకు నెట్టి వంశం పేరు పెట్టడానికి ఆధారం ఏమిటని అడుగుతున్నాం.

ఆ పేర్లలో ఒకటి మన పాఠకులందరికీ తెలియాలి. పేరు విధికుడు. శాసనం అతన్ని ‘చమ్మకార’ అంటుంది, అంటే చర్మకారుడు. తోలు పనిచేసేవాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, నాగుడనే కొడుకుతో, కూతుళ్లతో, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కలిసి ఒక పూర్ణఘట ఫలకం దానంగా ఇస్తున్నానని చెక్కించుకున్నాడు. ప్రాకృతంలో ‘పుణఘటకపట’ అని ఉంది. నిండు కుండ, అందులోంచి పొంగి వచ్చే తామరలు, అదీ ఆ బొమ్మ. పందొమ్మిదో శతాబ్దం చివరికే ఈ శాసనం అచ్చయింది. పండితులకు కొత్త సంగతేమీ కాదు. మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటివాళ్లకు మాత్రం ఇది డిగ్రీలో చెప్పలేదు, పీజీలో చెప్పలేదు. శాసనాల జాబితా తిరగేస్తుంటే కంటబడింది. అమరావతి శిల్పం మీద మార్కులకు ప్రశ్నలు రాసిన మనలో ఎంతమందికి ఈ పేరు తెలుసో ఒకసారి ఆలోచించండి.

నాలుగు ముక్కల శాసనమే అయినా నిదానంగా చదవాల్సిన శాసనం ఇది. మొదటిది, తన పని పేరును అతను దాచుకోలేదు. పేరుకు ముందు వృత్తి పెట్టి మరీ చెక్కించుకున్నాడు. రెండోది, తోలు పనిచేసేవాడి తండ్రి ఉపాధ్యాయుడు. ఆ మాటకు సంఘంలో బోధించే గురువు అనే అర్థం ఉండొచ్చు, చదువు చెప్పేవాడనే అర్థమూ ఉండొచ్చు. ఏ అర్థం తీసుకున్నా చదువుకూ తోలుకూ మధ్య తర్వాతి కాలంలో లేచిన గోడ ఆ ఇంట్లో లేదు. మూడోది, కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు. ఇవాళ కూడా మన వాడల్లో తాత పేరు మనవడికి పెట్టుకుంటున్నాం గదా. ఆ నాగుడు, ఈ నాగుడు, మధ్యలో విధికుడు, మూడు తరాలు ఒకే రాతి మీద ఉన్నాయి. మన ఇళ్లల్లో ఎంతమందిమి ముత్తాత పేరు చెప్పగలం? చెప్పలేకపోవడం మన మతిమరుపు వల్ల వచ్చింది కాదు. కరణం దస్తరాల్లో భూమి ఉన్నవాడికే పేరుంది, గుడి శాసనాల్లో మాన్యం ఇచ్చినవాడికే పేరుంది. మనవాళ్ల పేర్లు జీతగాళ్ల లెక్కల్లోనూ అప్పు పత్రాల్లోనూ ఉంటే ఉన్నాయి, లేకపోతే లేదు. అలాంటిచోట సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి తోలు పనివాడు తన తండ్రి పేరూ కొడుకు పేరూ చెప్పి నిలబడ్డాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విధికుడు మాదిగ అని మేం రాయడం లేదు. కొందరు మిత్రులు ఉత్సాహంగా అలా రాస్తున్నారు, మాకది సరైనదిగా తోచదు. ఇవాళ్టి కులం పేరును ఆ కాలం మీదకి యథాతథంగా మోసుకుపోతే, కులం ఎప్పుడూ ఉన్నదే, మారనిదే అని మనమే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. మనక్కావాల్సింది దానికి పూర్తిగా ఎదురైన వాదన. తోలు పని చేసేవాడు ఒక కాలంలో, ఈ నేల మీదే, గృహపతుల మధ్య, వర్తకుల మధ్య, భిక్షువుల మధ్య తన రాయి తను నిలబెట్టగలిగాడు. అతని దానాన్ని సంఘం తీసుకుంది. ‘నీ చెయ్యి తగిలిన రాయి మాకొద్దు’ అనలేదు. అంటే అంటరానితనం సృష్టితో పాటు పుట్టింది కాదు, దానికి ఒక మొదలు ఉంది. అంబేడ్కర్ 1948లో అంటరానివాళ్ల పుట్టుక మీద పుస్తకం రాసినప్పుడు వేసుకున్న ప్రశ్న ఇదే. బౌద్ధం ఓడిపోవడానికీ అంటరానితనం స్థిరపడడానికీ ఆయన ముడివేశాడు. ఆ సిద్ధాంతంలో ఒప్పుకునేవి ఉన్నాయి, వాదించాల్సినవి ఉన్నాయి. కాని ఆ వాదన తెలుగునాట చెయ్యాలనుకున్నవాళ్లకి విధికుడి రాయి చేతికందే ఆధారం.

ఇంకో సంగతి. అతనిచ్చిన బొమ్మ పూర్ణఘటం. నీళ్లకుండ ముట్టుకుంటే మైలపడుతుందని మనవాళ్లను బావి గట్టు ఎక్కనివ్వలేదు, హోటళ్లలో వేరే గ్లాసు పెట్టారు, కొన్నిచోట్ల ఇంకా పెడుతూనే ఉన్నారు. అదే దేశంలో తోలు పనివాడి కుటుంబం నిండు కుండ బొమ్మను పూజాస్థలంలో నిలబెట్టింది. ఈ పూర్ణఘటం తర్వాత పూర్ణకుంభమై, వేదపండితుల చేతిలో మంత్రుల ముందు నడిచింది. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజ్యచిహ్నం తెచ్చుకుంది. అమరావతి శిల్పకళ నుంచి తీసుకున్నామని చెప్పిన ఆ చిహ్నంలో ధర్మచక్రం నడుమ ఉన్నది పూర్ణఘటమే. ప్రభుత్వ కాయితాల తలమీద అది ఉంటుంది. ఆ రాష్ట్రంలో ఒక మాదిగ పిల్లాడు స్కాలర్‌షిప్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకునే కులధ్రువీకరణ పత్రం కూడా ప్రభుత్వ కాయితమే. ఆ కుండ బొమ్మను తోలు పనిచేసినవాళ్లు కూడా ఈ ఏటి ఒడ్డున దానమిచ్చారన్న ముక్క ఆ పిల్లాడికి చెప్పే పాఠం మాత్రం ఏ తరగతిలోనూ మాకు తగల్లేదు.

ఇంతకీ ఈ రాళ్లు ఎందుకు కనబడవు? ఎందుకంటే ఊళ్లో లేవు గనక. ఆ కథ త్వరగా చెప్పుకుందాం, తెలిసిందే చాలామందికి. 1796 ప్రాంతంలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి ఇక్కడ కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టాడు. ఇళ్లకూ గోడలకూ రాయి, ఇటుక కావాలి. జనం దీపాలదిన్నె అని పిలుచుకునే దిబ్బ దగ్గర్లో ఉంది. తవ్వారు. 1790ల చివర కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేసరికి నడిమధ్య చెరువు తవ్వి ఉంది. పాలరాయి అంటారుగాని నిజానికవి పల్నాటి సున్నపురాళ్లు, కాల్చితే సున్నం అవుతుంది, అలా బట్టీలో పోయినవి ఎన్నో. 1830 ప్రాంతంలో మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ కొన్ని రాళ్లను అక్కడి కొత్త బజారుకు సింగారంగా తరలించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసు పంపాడు, వాటిల్లోంచి చాలా భాగం లండను చేరింది. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు 120కి పైనే. 1877లో సీవెల్, ఆ తర్వాత 1880లో మద్రాసు గవర్నరు హుకుం మీద దిబ్బ మొత్తం ఖాళీ చేయించడం, 1881 చివర బర్జెస్ వచ్చి మిగిలింది ఏరుకోవడం. విధికుడి ఫలకం కూడా ఈ ఊళ్లో లేదు. ఈ పేర్లన్నీ చదివాక ఒకటి గమనించండి. తొంభై ఏళ్లకు దగ్గరగా సాగిన ఈ తవ్వకాల్లో మనకందిన పేర్లు జమీందారువి, దొరలవి. పార పట్టినవాడి పేరు ఒక్కటీ మనకు అందలేదు. రెండో శతాబ్దంలో రాయి ఇచ్చినవాడికి పేరుంది, పందొమ్మిదో శతాబ్దంలో రాయి మోసినవాడికి లేదు.

వెంకటాద్రి నాయుడి పేరు ఈ ఊరి స్థలచరిత్రలో దాత పేరు. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించి మాన్యాలిచ్చాడు, అది నిజమే. ఆయన గుళ్లు ఎందుకు కట్టించాడో కూడా ఈ ప్రాంతంలో ఒక కథగా చెప్పుకుంటారు. తిరగబడ్డ చెంచులను భోజనానికి పిలిచి, నూట యాభైమంది మగవాళ్లను వరసగా తలలు నరికించాడని, ఆ పాపం అన్నం ముందు కూచున్నప్పుడల్లా కళ్లకు కట్టేదని, దాని పరిహారానికి శివుడి గుళ్లకు ఆస్తి ధారపోశాడని. అంకె ఎంతవరకు నమ్మాలో చెప్పడానికి ఆనాటి కాయితాలు పరిశోధించాలి. అయితే ఈ కథకు ఒక గుర్తు ఈ మండలంలోనే ఉంది. నరుకుళ్లపాడు. ఆ నరుకుడు వల్లనే ఊరికి ఆ పేరొచ్చిందంటారు.

చదువరులు గమనించాల్సింది ఈ కథ నడిచే తీరు. కథలో మనిషి ఒక్కడే, జమీందారు. అతని పాపం, అతని బెంగ, అతని ప్రాయశ్చిత్తం, అతని గుడి. చెంచులు కథలోకి వచ్చింది తల తెగడానికి మాత్రమే. వాళ్లెందుకు తిరగబడ్డారు, అడవి మీద ఎవరి హక్కు పోయింది, మిగిలిన ఆడవాళ్లూ పిల్లలూ ఏమయ్యారు అని కథ అడగదు. హత్య చేసినవాడి పశ్చాత్తాపానికి గోపురం దక్కింది, చచ్చినవాళ్లకి బస్సు బోర్డు మీద ఒక ఊరి పేరు దక్కింది. ఆ పేరు కూడా వాళ్ల పేరు కాదు, వాళ్లకు జరిగిన పని పేరు.

దీని పక్కన అదే పాత గుంటూరు జిల్లాలోని ఇంకో గుర్తును పెట్టి చూడాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపబడ్డ దళితులను వాడ చివర కాకుండా ఊరి మధ్య పాతిపెట్టారు. ఆ స్థలానికి రక్తక్షేత్రం అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. నరుకుళ్లపాడుకూ రక్తక్షేత్రానికీ తేడా అక్కడుంది. రెండోచోట గుర్తు పెట్టింది చచ్చినవాళ్ల మనుషులు. ఆగస్టు 6న ఇప్పటికీ అక్కడికి వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. కోర్టులు తీర్పులు ఇచ్చాయి, కొట్టేశాయి. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు రద్దు చేసింది. సమాధులు మాత్రం అక్కడే ఉన్నాయి.

మళ్లీ అమరావతికి వద్దాం. గుడి దగ్గర కూడా రాయి ఒకటి సాక్ష్యం చెప్తుంది. అమరేశ్వరాలయంలో 1182 నాటి శాసనం ఉంది, కోట వంశపు కేతరాజుది. ధాన్యకటకంలో శివుడి గురించి చెప్తూనే, బుద్ధదేవుడికి ఎత్తయిన చైత్యం ఉందని, ఆయనకు ఊళ్లు ఇచ్చానని అది చెప్తుంది. పన్నెండో శతాబ్దం చివరికి కూడా స్తూపంలో పూజ నడుస్తోందన్నమాట. బౌద్ధం ఎప్పుడో తనంతట తనే మాయమైపోయిందని చెప్పేవాళ్లకు గుడి స్తంభమే జవాబు. గైడ్లు ఆ స్తంభం దగ్గర ఆగరు, మనమన్నా ఆగాలి.

కొత్త గుర్తుల గురించి రెండు మాటలు చాలు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర ఇక్కడ జరిగింది, ఏటి ఒడ్డున పెద్ద బుద్ధుడు లేచాడు, ఊరికి టూరిజం మ్యాపులో చోటొచ్చింది. ఆ బుద్ధుడి వెనక ధర్మం ఎంతుందో, టూరిజం ఎంతుందో చూసినవాళ్లు చెప్పాలి. 2015లో రాజధానికి ఈ ఊరి పేరు తీసుకుపోయారు. ఊరు మాత్రం రాజధాని 29 గ్రామాల్లో లేదు. పేరు పోయింది, ఊరు మిగిలింది. ఆ రాజధాని భూసమీకరణలో దళితుల చేతుల్లో ఉన్న అసైన్డ్ భూములకు పట్టా భూములకన్నా తక్కువ ప్లాట్లు కేటాయించడం 2015-16ల్లో పెద్ద గొడవైంది. బౌద్ధ క్షేత్రం పేరుతో కట్టే నగరంలో మొదటి లెక్కల్లోనే రెండు రకాల మనుషులు తేలారు.

బోర్డుకు ఇంకో పని కూడా ఉంది, కార్యకర్తలు దీన్ని వదిలెయ్యకూడదు. పురావస్తుశాఖ నీలం బోర్డు కథ చెప్పడానికి మాత్రమే పెట్టింది కాదు. 1958 చట్టం కింద ఆ స్థలం రక్షిత స్థలం. 2010 సవరణ వచ్చాక దాని హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు, ఉన్న ఇంటికి మరమ్మతు చెయ్యాలన్నా అనుమతి తెచ్చుకోవాలి. మీరితే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జుల్మానా దాకా ఉంది. కట్టడాలను కాపాడడానికి ఇది అవసరమే, వెంకటాద్రి నాయుడి కాలంలో ఇలాంటిది ఉంటే స్తూపం మిగిలేది. కాని దేశమంతటా పాత దిబ్బల పక్కన, ఏటి ఒడ్డున, ఊరి చివర ఎవరుంటారు? పాక తీసి శ్లాబు వేసుకోవడానికి, మరుగుదొడ్డి కట్టుకోవడానికి ఎమ్మార్వో దాటి, రాష్ట్రం దాటి అనుమతి తెచ్చుకోగలిగేదెవరు? చట్టం అందరికీ ఒకటే దూరం కొలుస్తుంది, ఆఫీసు మెట్లు మాత్రం అందరికీ ఒకటే ఎత్తు ఉండవు. పాత రాళ్ల మీద ప్రేమ మన ఇళ్ల మీద కోపంగా మారకూడదు. అనుమతి కోరే పద్ధతి చట్టంలోనే ఉంది. ఆ దరఖాస్తు నింపడం వాడలో ఒక్కరికన్నా రావాలి.

చెయ్యగలిగినవి చిన్నవే. పిల్లల్ని అమరావతి తీసుకెళ్లే మాస్టర్లు, టీచర్లు మ్యూజియంలో శిల్పాల అందం చూపించడంతో ఆపకుండా, శాసనం ఉన్న రాయి ముందు పావుగంట నిలబెట్టండి. బ్రాహ్మీ అక్షరాలు పిల్లలు రెండు మూడు రోజుల్లో పట్టేస్తారు. విద్యార్థి సంఘాలవాళ్లు 2005 సమాచార హక్కు చట్టం కింద పురావస్తు సర్వే అమరావతి సర్కిల్‌కు ఒక దరఖాస్తు పెట్టొచ్చు. స్తూపం దగ్గరి బోర్డుల్లో ఏం రాయాలో ఎవరు నిర్ణయించారు, దాన శాసనాల తెలుగు అనువాదం స్థలంలో ఎక్కడన్నా పెట్టారా అని అడగొచ్చు. దానితో పాటు కొత్త బోర్డు కోసం అర్జీ కూడా పెట్టొచ్చు. అందులో రాయాల్సింది ఎక్కువేం లేదు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, తోలు పనిచేసే విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో కలిసి ఈ మహాచైత్యానికి ఒక పూర్ణఘట ఫలకం ఇచ్చాడు. తెలుగులో, పెద్దక్షరాలతో, గేటు లోపలికి రాగానే కనిపించే చోట.